తెలుగు తాళం

భిలాయిలోని తెలుగువారి ఇళ్లలో ఇనప్పెట్టెలు ఉండవని ఇందుమూలంగా తెలియజేయడమైనది. వాటి అవసరం లేదు. సుపేలా బజారు నడిమధ్య నిలబడి ఎంతటి గుట్టునైనా గొంతెత్తి తెలుగులో చెప్పుకోవచ్చు. పక్కవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. ఇంత చవకైన, తుప్పు పట్టని తాళాన్ని అంత పెద్ద ఉక్కు కర్మాగారం కూడా తయారు చేయలేకపోయింది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి నాలుగేళ్లు నిండిన ఏడాది, కర్మాగారం భద్రతా విభాగంలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరైన క్యాంప్ 2 బస్తీ నరసింగరావు గారు, భార్య అచ్చమ్మతో, కూతురు హేమమాలినితో విశాఖకు పగటి రైలెక్కారు. మర్నాడు హేమమాలినికి ఉద్యోగపు ఇంటర్వ్యూ. ఎక్కడికి, ఎన్నింటికి రావాలో ప్రయాణం రోజే సాయంత్రం ఐదింటికి ఫోన్ చేసి చెబుతామన్నారు. ఎత్తకపోతే పిలుపు జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది.

ఆ ఇంటికి అదే మొదటి మొబైల్. కాబట్టి దానికి గొలుసు, గొలుసుకు సైకిల్ తాళం, తాళంచెవి నరసింగరావు గారి మొలతాడుకు. దొంగ ఫోన్ లాక్కుపోతే ఆయన కూడా వెంట వెళ్లే ఏర్పాటన్నమాట. ఆగిన యంత్రం ఎవరికీ హాని చేయదన్న సూత్రం ప్రకారం ఫోన్‌ను ఆపేశారు కూడా. మళ్లీ వెలిగించాలంటే నాలుగంకెలు నొక్కాలి. మూడుసార్లు తప్పితే సిమ్ము మూగబోతుంది.

ఎదురు సీట్లో బవిరిగడ్డం ఆసామి ఒకడు కునికిపాట్లు పడుతున్నాడు.

"ఆడి మొకం సూడవే, దొంగమొకం," అని నరసింగరావు గారు తెలుగులో హెచ్చరిక జారీ చేశారు.

"ఇంతకీ ఇంటి తాళంచెవి ఎక్కడెట్టినారు?"

"నీళ్ల డ్రమ్ము కిందెట్టినాను. మెల్లగా మాటాడు."

"ఎందుకూ? ఆడికి తెలుగొస్తాదేటి?" అంది అచ్చమ్మ.

టిట్లాగఢ్‌లో ఆయనకు మరో ప్రమాదం స్ఫురించింది. ఫోన్ తెరిచే ఆ నాలుగంకెలు అచ్చమ్మకు తెలుసు! అచ్చమ్మ కూతురితో చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే ఫోన్ తెరిచి కొత్త నంబరు పెట్టి, దాన్ని అంకెల్లో కాకుండా చీమకాళ్లంత తెలుగు అక్షరాల్లో చీటీ మీద రాసి, ఫోన్ ఆపి, నిశ్చింతగా పులిహోర తిన్నారు.

బొబ్బిలి దాటేసరికి ఐదుకు పది నిమిషాలు. తెరవబోతే నంబరు గుర్తు లేదు. ఒక ఊహ తప్పింది. రెండో ఊహా తప్పింది. మిగిలింది ఒక్కసారి. చీటీ తీస్తే, తాను రాసిన చీమకాళ్లు తన కళ్లజోడుకే ఆనలేదు. అచ్చమ్మ బడి మొహం చూడలేదు. చివరికి చీటీ కూతురి చేతికి వెళ్లింది.

"పాపా, యే క్యా హై? అన్నీ జలేబీలే!"

"తెలుగేనమ్మా!"

"వహీ తో!" అంది హేమమాలిని చీటీ తిరిగిచ్చేస్తూ. "ముజే కహాఁ ఆతా హై? తెలుగు చదవడం నాకెక్కడొచ్చు?"

అప్పుడు బవిరిగడ్డం కదిలింది.

"మూడు, తొమ్మిది, సున్నా, ఆరు. కొట్టండి మామయ్యా. టిట్లాగఢ్‌లో మీరే పైకి అనుకుంటా రాసినారు కదేటి."

కొట్టారు. ఫోన్ వెలిగింది. అయిదు నిమిషాలకు మోగింది. పది గంటలకు రమ్మన్నారు. హేమమాలిని చిరునామాను హిందీలో రాసుకుంది.

"నువ్వు తెలుగోడివా?" అన్నారు నరసింగరావు గారు, నీళ్లు తాగాక.

"క్యాంప్ 2 జోజినండీ. మీ ఇంటి వెనక లైనే."

"మరి పొద్దున్నుంచి పలకవేటయ్యా?"

"దొంగమొకం అన్నాక పలకరిస్తే మీకు ఇబ్బందని. అన్నట్టు, డ్రమ్ము కింద చెవి తడికి పాడైపోతాది. ఇంకోచోట ఎట్టుకోండి."

యాత్ర ముగిశాక నరసింగరావు గారు సమర్పించిన భద్రతా నివేదిక సారాంశం: పరికరం క్షేమం. తెలుగు తాళం పరాయివాడి చేతిలో ఇట్టే తెరుచుకుంటుంది. కన్నబిడ్డల్ని మాత్రం నూటికి నూరుపాళ్లు ఆపుతుంది.

కనుక పాఠకులకు మనవి. దాచుకోవలసిన నంబర్లేమైనా ఉంటే ఈ పేజీ అంచున తెలుగు అక్షరాల్లోనే రాసి, పుస్తకాన్ని నడింట్లో తెరిచి వదిలేసి ఊరెళ్లండి. భయం లేదు. ఇంట్లో ఉండేది మీ పిల్లలే కదా.