హమ్దాన్ కొడుకుగా ఒక పూట

ఆ ఉదయం డ్రైవర్ ఇస్సాక్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. సినిమా పిల్లల్ని సౌదీలోని జిజాన్ కొండ మీద దింపడం, వ్యాను నీడన పెట్టుకుని ఒక కునుకు తీయడం. ఇరవై ఐదేళ్ల కిందట ఖాళీ చేసిన రాతి ఊరికి అక్కడి కొండజాతి వాళ్లు ఆ రోజే తిరిగొస్తున్నారు. మెహక్, నోయెల్ తమ కాలేజీ డాక్యుమెంటరీకి ఆ రాకనే తీయాలి.

జనం వచ్చే బస్సు ఇంకా రాలేదు.

"అంకుల్, ఫోకస్ చూసుకోవాలండీ. మీరోసారి ఊళ్లోకి నడవండి, అచ్చం తిరిగొచ్చినోళ్లలాగా," అన్నాడు నోయెల్.

ఇస్సాక్ లుంగీ మీదున్నాడు. ఆ కొండ మగవాళ్లు కట్టేదీ అలాంటిదే. వాళ్లలాగే తలకు పూలదండ కూడా చుట్టి, "మట్టికి ఒక ముద్దు పెట్టుండ్రి అంకుల్, మస్తుంటది," అంది మెహక్.

అతను వంగి ముద్దు పెట్టాడో లేదో డప్పులు మోగాయి. ముందురోజే చేరిన ముసలివాళ్లు మిద్దెల మీంచి చూడనే చూశారు. ఒక అవ్వ పరుగున వచ్చి అతని గడ్డం పట్టుకుంది. పసివాడప్పుడు జెద్దా వెళ్లిపోయిన మనవడి కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తోంది పాపం.

"నువ్వు మా హమ్దాన్ కొడుకు యహ్యావేనా?" అని అరబ్బీలో అడిగింది.

ఇస్సాక్‌కి వచ్చిన అరబ్బీ అంతా రోడ్డు మీద నేర్చింది. పోలీసులు ఏమడిగినా చెప్పే మాటే చెప్పాడు. "ఐవా!" అంటే, అవును.

అవ్వ భోరుమంది. ఎందుకో తెలియకపోయినా ఇస్సాక్‌కీ ఏడుపొచ్చింది. రాయచోటి మొహం చూసి అతనికీ నాలుగేళ్లయింది. విందుకు మేక తెగింది. అవ్వ ఇంటి తాళంచెవి అతని చేతిలో పడింది. నోయెల్ ఆనందంతో ఊగిపోతూ తీస్తూనే ఉన్నాడు. అరబ్బీ వచ్చిన మెహక్ జనాన్ని తోసుకొచ్చి సంగతి చెప్పింది.

"నేను ఈయమ్మకు మనవడినా? ఇది తెలిసిందంటే నా ఇకామా, ఈ దేశంలో ఉండే కార్డే గల్లంతు పాపా!"

అంతలో బస్సొచ్చింది. ప్యాంటూ చొక్కాతో అసలు యహ్యా ముందుగా దిగాడు. "డ్రైవరూ, బండి అడ్డం తియ్యి," అతను పేరు చెప్పుకున్నా వినకుండా అన్నారు ఊరివాళ్లు.

ఇక ఇస్సాక్ మనసు ఒప్పలేదు. దండ తీసి యహ్యా తలకు చుట్టి, తాళంచెవి అతని చేతిలో పెట్టి, మెహక్ చేత నిజం చెప్పించాడు. అవ్వ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి తలుపు తీయించింది. మూడంతస్తుల ఇల్లు. మోకాలి లోతు దుమ్ము, ఆపైన పావురాలు.

"పొద్దుగూకేలోపు ఇదంతా కడగాలి," అంది అవ్వ.

యహ్యా ఆ దుమ్మును కిందినుంచి పైదాకా చూశాడు. మెల్లగా దండ తీసి మళ్లీ ఇస్సాక్ తలకే చుట్టాడు.

"ఇతనే యహ్యా. నేను డ్రైవర్ని."

అవ్వ ఇద్దరికీ చెరో చీపురు ఇచ్చింది. డాక్యుమెంటరీ సరిగ్గా అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాతి చీపుర్లు దర్శకులకు అందాయి.