ఓబులేష్ విడుదలలో దౌత్య విజయం

యుద్ధం జరుగుతున్న పరాయి దేశంలో విలేకరి ఓబులేష్‌ను నిర్బంధించిన సంగతిని ప్రభుత్వం నిశితంగా గమనిస్తోంది. మూడు నెలలుగా రెప్పవేయకుండా గమనిస్తోంది. ఇంతకన్నా శ్రద్ధ ఏ ప్రభుత్వం చూపగలదు?

అతని అక్క అక్కయమ్మకు చిక్కపేటలో చీరల అంచులు అమ్మే చిన్న కొట్టుంది. తమ్ముడికి ఉబ్బసం. పీల్చుకునే మందు సంచిలో పెట్టుకుని ఆమె విదేశాంగ అధికారి దగ్గరకు వెళ్లింది.

"వానికి ఊపిరాడదు సార్. ఈ మందు చేరిస్తే సాలు."

"మందు తీసుకుంటే మీవాడు తమ దగ్గరున్నట్టు వాళ్లు ఒప్పుకున్నట్టవుతుందమ్మా," అన్నాడాయన ఓపికగా. "వాళ్లనలా ఇబ్బంది పెట్టడం దౌత్య మర్యాద కాదు. చర్చలు దెబ్బతింటాయి."

"చర్చలు యాడ జరగతా ఉండాయి సార్?"

"అనువైన వాతావరణం కోసం ఎదురుచూస్తున్నాం."

అక్కడినుంచి ఆమె మహదేవపురలో విడుదల సాధన సమితి సభకు వెళ్లింది. అధ్యక్షుడు చెన్నయ్య ఇళ్ల స్థలాలు అమ్మేవాడు. ఇప్పుడూ అమ్ముతున్నాడు, కాకపోతే సమితి కరపత్రానికి రెండోవైపున. వేదికమీద ఓబులేష్ ఫొటోకన్నా ఆయనది పెద్దది. జైల్లో ఉన్నవాడికీ బయట ఉన్నవాళ్లకూ ఆ మాత్రం తేడా ఉండాలి కదా.

"కలానికి సంకెళ్లా? ప్రాణాలైనా ఇస్తాం!" అని గర్జించాడు. ఎవరి ప్రాణాలో చెప్పలేదు. తర్వాత అక్కయమ్మవైపు వంగి, "నువ్వేం మాట్లాడొద్దక్కా, ఏడిస్తే సాలు. లైవ్ పోతా ఉండాది," అన్నాడు.

ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. చూసినవాళ్లంతా ఈమెకు తమ్ముడిమీద ప్రేమలేదని తేల్చారు.

నాలుగో నెలలో మన మిత్రదేశం వదిలిన క్షిపణి ఓబులేష్ ఉన్న జైలుమీద పడింది. ఖైదీలను ఉంచే చోటులేక, బతికిన విదేశీయులను పంపేశారు. ఆ సాయంత్రమే మనవాళ్లు దౌత్య విజయం ప్రకటించారు.

విమానాశ్రయంలో తెచ్చిన దండలు అధికారికీ చెన్నయ్యకూ సరిపోయాయి. అక్కయమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్లి తమ్ముడి చేతిలో మందు పెట్టింది. అతను పీల్చుకుని మైకులవైపు తిరిగాడు.

"నా గదిలో మన అనంతపురం కూలోళ్లు తొమ్మిదిమంది ఉండ్రి. నేను రాసేకి పోయింది వాళ్ల గురించే. గోడ కూలి తొమ్మిదిమందీ దాని కిందనే..."

"సార్, మన నేలమీద కాలు పెట్టగానే ఎలా ఫీలయ్యారు?" అని అడ్డుపడిందొక మైకు.

ఇంటికొచ్చాక అక్కయమ్మ తలుపు వేసి, "వాళ్ల పేర్లు చెప్పురా," అంది. ఒక్కొక్కటే చెప్పాడు. తొమ్మిదీ ఆమె కొట్టు లెక్కల పుస్తకంలో రాసుకుంది.

మర్నాడు అతను రాసిన వార్తను సంపాదకుడు ఎంతో మెచ్చుకుని, స్థలాభావంవల్ల పేర్లు తీసేసి అచ్చువేశాడు. ఆ తొమ్మిదిమంది ఎవరని అడుగుతూ ఒక్క ఉత్తరమూ రాలేదు. జైల్లో ఓబులేష్‌కు సాంబారు దొరికేదా అని మాత్రం పాఠకులు నాలుగు వందలమంది అడిగారు.