పది నంబరు బూట్లు

ఆదివారం నాటి పథకం చిన్నదే. అయిదింటికి కాఫీ, అయిదున్నరకు ఇందుకూరుపేట నుంచి నడక, తొమ్మిదిలోపు మైపాడు సముద్రపు ఒడ్డున ఇడ్లీలు. ఇందులో నష్టం వచ్చే చోటు రమణయ్యకు ఎంత వెతికినా కనపడలేదు.

అది తిరుమల నడకకు పరీక్ష. నాలుగేళ్ళుగా ఊరి జట్టును నడిపిస్తున్నది ఆయన భార్య వెంకటశేషమ్మే. మైపాడు దాకా నడవలేనివాళ్ళు తిరుమలకు వంటసామాను వ్యానులో, ఎర్రగడ్డల బస్తాల మీద, ఉల్లిపాయల ఘాటులో కూర్చుని రావాలని షరతు పెట్టింది కూడా ఆమే. కిందటేడు అట్లా వెళ్ళిన పెద్దమనిషిని ఊళ్ళో ఇప్పటికీ 'ఎర్రగడ్డల స్వామి' అంటున్నారు. వలలూ తాళ్ళూ అమ్ముతూ ముప్పై ఏళ్ళుగా పేరు నిలబెట్టుకున్నవాడు రమణయ్య. ఆ పేరు ముందుకు ఎర్రగడ్డలు రావడం ఆయనకు గిట్టుబాటు కాదు.

అందుకే నెల్లూరు వెళ్ళి బూట్లు కొన్నాడు.

"మీది ఎనిమిది నంబరు కాలు సార్," అంది అంగట్లో పనిచేసే నవోమి.

"పది నంబరు ఎంత?"

"అదే రేటు సార్. ఏ సైజైనా ఒకటే."

రమణయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అదే రేటుకు ఇంత తోలు ఎక్కువొస్తా ఉంటే, ఎనిమిది కొనే ఎర్రిబాగులోడు ఎవురమ్మా?"

"కాలికి సరిపొయ్యేది కొనాల సార్. కొసరు వేయించుకునేదానికి ఇవేమన్నా వంకాయలా?"

"వల పెద్దదైతే చేపకు నష్టం గానీ మనకు కాదు పాపా. కట్టు!"

ఇంట్లో పెట్టె విప్పగానే వెంకటశేషమ్మ చూసింది. "ఏందయ్యా ఇవి, పడవలా? రబ్బరు చెప్పులుండాయి గదా!" అంది. ఆయన బూట్ల మొనల్లో పాతవల పేలికలు కుక్కి, మూడు జతల మేజోళ్ళు తొడుక్కుని కట్టుదిట్టం చేసుకున్నాడు.

ఆదివారం మొదటి కిలోమీటరు బాగానే సాగింది. రెండో దాంట్లో కాలు ముందు బయల్దేరడం, బూటు కాసేపు ఆలోచించుకుని వెనక రావడం మొదలైంది. అయిదోది వచ్చేసరికి మడమల తోలు లేచి, ఒక్కో అడుగూ ఒక్కో పన్ను పీకినట్టయింది.

"మీరు పోతా ఉండండి," అన్నాడు భార్యతో. "నాకు హరినాథ్ దగ్గర చిన్న పనుండాది."

"పొద్దన్నే ఏం పనయ్యా?"

"యాపారం."

"సరే. వ్యానులో బస్తాలు కొంచెం జరపమని చెప్తాలే," అని నవ్వకుండా ముందుకు సాగిందామె.

హరినాథ్ రొయ్యల రైతు, పాత ఖాతాదారు. రోడ్డు పక్కనే అతని మోటారు షెడ్డు. మర్యాద తెలిసిన మనిషి గనక రమణయ్య బూట్లు గుమ్మం బయట విడిచి, లోపల నులకమంచం మీద కాళ్ళు చాపాడు. నష్టం అక్కడే వచ్చింది. ఆ రొయ్యల గుంటల గట్ల మీద తిరిగేవాళ్ళకు ఒట్టికాళ్ళో, రబ్బరు చెప్పులో తప్ప మరొకటి తెలియదు. బూట్లు కనపడ్డాయంటే ఆఫీసరు దిగినట్టే.

పక్కగుంట చెంగయ్య మోటారు మీటరుతో కాదు, స్తంభం మీది తీగకు తగిలించిన కొక్కెంతో తిరుగుతుంది. అతను ఆ బూట్లు చూశాడు. ఫోను తీశాడు.

"కరెంటు ఆఫీసరు హరినాథ్ షెడ్లో కూచోనుండాడు. బూట్లు చూస్తే ఏనుగు కాళ్ళే! ఎంత పెద్ద ఆఫీసరో!"

అయిదు నిమిషాల్లో తీగల మీద కొక్కెం లేదు, గుంటల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరేటరు తిరగడం లేదు. మీటర్లు ఉన్నవాళ్ళు కూడా ఎందుకైనా మంచిదని ఆపేశారు.

తర్వాత చెంగయ్యే రెండు కిలోల రొయ్యలు సంచిలో పెట్టుకుని, వంగి వంగి షెడ్లోకి వచ్చాడు. "సార్..." అని తలెత్తి, "రమణయ్యన్నా, నువ్వా? ఆఫీసరు యాడ?" అన్నాడు.

"ఏ ఆఫీసరు?"

"ఆ బూట్లోడు!"

"అవి నాయే."

హరినాథ్ చప్పున లేచాడు. బయట నిశ్శబ్దం. "ఏరేటర్లు ఆపేసినారా? ఈ పూట నీళ్ళకు గాలి అందకపోతే రొయ్యంతా తేలిపోద్ది! ఫోన్లు చెయ్యి!"

"ఎవురూ ఎత్తరన్నా. ఆఫీసరే పక్కన కూచోని చేయిస్తా ఉండాడనుకుంటారు."

ఇక పరుగే గతి. హరినాథ్ ఉత్తరానికి, చెంగయ్య దక్షిణానికి, రమణయ్య తూర్పుకు. ఆయన లెక్క ఆయనకుంది. రొయ్య చస్తే గుంటలో వల వేసి పట్టేది లేదు, పట్టేది లేకపోతే వలకు బేరం లేదు. ఆ పడవల్లో కాళ్ళు దూర్చే వ్యవధి లేక ఒట్టికాళ్ళతో గట్టెక్కాడు. తడిమట్టి మడమలకు చల్లగా తగిలింది.

"ఆఫీసరు లేడు! అది నేనే! తిప్పండిరా!"

"ఆయన పంపినాడా అన్నా?" అన్నాడు మొదటి గుంట రైతు, అనుమానంగా.

"అవి నా బూట్లురా అయ్యా!"

"నీకు అంత కాలు యాడిదన్నా?"

కాలు చూపించాల్సి వచ్చింది. ఎనిమిది నంబరు కాలికి పది నంబరు ఎందుకు కొన్నాడో చెప్పాల్సి వచ్చింది. రైతు పడీపడీ నవ్వి స్విచ్చి వేశాడు. ఏడు గుంటల దగ్గర ఏడుసార్లు రమణయ్య తన బేరం తెలివిని తన నోటితోనే చెప్పుకున్నాడు. ఏడుసార్లూ ఏరేటర్లు తిరిగాయి.

చివరి గుంట దాటి తలెత్తితే సరుగుడు తోపు, దాని వెనక సముద్రం. రోడ్డు చుట్టు తిరిగి వస్తుంది, గట్లు తిన్నగా వస్తాయి. ఇసుకలో కూలబడి ఆయన రెండు ప్లేట్ల ఇడ్లీలు ముగించాక జట్టు వచ్చింది.

వెంకటశేషమ్మ మోకాళ్ళ దాకా బురదైన ఆ కాళ్ళను చూసింది. "ఎట్టొచ్చినావయ్యా?"

"నడిచి. మధ్యలో పరిగెత్తి."

"బూట్లేవి?"

"అవి రాలేకపోయినాయి."

ఆమె ఖాళీ ఇడ్లీ ప్లేట్లు లెక్కపెట్టింది. "సరే. బస్తాలు జరపొద్దని చెప్తాలే," అంది.

మర్నాడు రమణయ్య రబ్బరు చెప్పులతో బూట్ల కోసం వెళితే హరినాథ్ ఇవ్వనన్నాడు. "నెలనాళ్ళుగా దొంగలు గుంటలో వల ఇసరతా ఉండారన్నా. రాత్రి ఇవి బయటే ఉండిపోయినాయి, ఒక్కడూ గట్టెక్కలేదు. రేటు చెప్పు."

రమణయ్య కొన్న రేటుకు కొంచెం కలిపి చెప్పాడు. ఆయన కాలికి సరిపోని బూట్లు, హరినాథ్ గుమ్మానికి మాత్రం కొలిచి కుట్టినట్టు సరిపోయాయి.