నూకరాజు సగం

కూర్మారావుకు అబద్ధమాడటం చేతకాదని దంతేవాడ దగ్గరి బచేలీ టౌన్‌షిప్ అంతటికీ తెలుసు, ఒక్క కూర్మారావుకు తప్ప. గనిలో ఇనప రాయి మోసే పెద్ద పెద్ద డంపర్లు బాగుచేసే వర్క్‌షాపులో జుట్టు నెరిసేదాకా పనిచేశాడు. ఏ బోల్టు వదులైందో శబ్దం విని చెప్పేస్తాడు. తన మాట వదులైతే మాత్రం ఆ చెవికి ఆనదు. అలాంటివాడు, రిటైరైన నెలలో, భార్య రామతులసిని మోసం చెయ్యడానికి నడుం కట్టాడు.

గొడవంతా మోటార్‌సైకిలు గురించి. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి గజపతినగరం వెళ్లిపోవాలి. అక్కడ అద్దెకు తీసుకున్నది మేడమీది రెండు గదులు. సామాను లారీ మాట్లాడిన రోజే రామతులసి తీర్పు చెప్పేసింది.

"ఆ బండి మనతో రాదండి. మీ మోకాలికి మెట్లెక్కడమే గగనం. దాన్నెవులు ఎక్కిస్తారు?"

"కింద పెట్టుకుంటాను."

"కింద ఇంటోళ్లు పిండొడియాలు ఎండబెట్టుకుంటారు. ఇది పొగ ఎట్టుద్ది. మనింట్లో తాగుడలవాటున్నది దానికొక్కదానికే. ఎవులికైనా ఇచ్చీండి."

ఆమె అన్నదాంట్లో తప్పులేదు. అది ఎనభై ఐదులో కొన్న మూడువందల యాభై రాజ్‌దూత్. రెండు సిలిండర్లు, రెండు సైలెన్సర్లు. పెట్రోలు బంకు కనిపిస్తే చాలు, దానంతటదే అటు తిరిగేది.

దాన్ని కొన్నది కూర్మారావు ఒక్కడే కాదు. పెళ్లి కాని రోజుల్లో, ఒకే గదిలో ఉంటూ, ఒకే గిన్నెలో వండుకు తినే రోజుల్లో, కూర్మారావూ నూకరాజూ చెరిసగం వేసుకుని విశాఖపట్నంలో కొన్నారు. ఘాట్ రోడ్లన్నీ ఎక్కించి, దిగినచోటల్లా దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, బచేలీ తెచ్చారు. తెచ్చిన రోజే పంపకాలు జరిగిపోయాయి. ఎడమ సిలిండరు కూర్మారావుది, కుడిది నూకరాజుది. ముందు చక్రం పంక్చరైతే కూర్మారావు తొయ్యాలి, వెనకదైతే నూకరాజు తొయ్యాలి. రెండూ ఒకేసారి పోయిన రోజు, బండిని దారిలో ఒక దుకాణం ముందు వదిలేసి, ఇద్దరూ దెబ్బలాడుకుంటూ నడిచొచ్చారు.

ఆదివారమొస్తే చిత్రకోట్ జలపాతానికి పరుగు. సాలవృక్షాల మధ్య ఆ రోడ్డు మీద కూర్మారావు వంగి నడుపుతుంటే, వెనక నూకరాజు పొడుగు కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బార్లా చాపుకుని, పాటలు పాడేవాడు. ఒక్క పాటా పూర్తిగా రాదు. పల్లవి అవగానే ఇంకో పాటలోకి పోయేవాడు. గాలికి ఆ పాటలు కూర్మారావుకు సగమే వినపడేవి, అయినా అవి అతనికి చాలేవి.

పెళ్లిళ్లయ్యాయి. నూకరాజు భార్య రత్నం, రామతులసి ఒక్క చేతి వేళ్లలా కలిసిపోయారు. ఇంతలో ఒక వానాకాలం నూకరాజుకు మలేరియా మెదడుకెక్కింది. వారం తిరక్కుండా పోయాడు. రత్నం ఆసుపత్రి వంటశాలలో పనికి చేరి, చెక్‌పోస్టు పక్క లైనులో వాళ్లు కాపురమున్న చిన్న క్వార్టరులోనే ఉండిపోయింది.

బండిని కూర్మారావు ఒక్కడే నడిపాడు. వెనక సీటు మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు, పెళ్లాన్ని కూడా. రామతులసి సంతకెళ్లినా సినిమాకెళ్లినా ఆటోలోనే వెళ్లింది. ముందు బండి, వెనక ఆటో. చూసినవాళ్లు ఏదో మంత్రిగారి కుటుంబం అనుకునేవారు. రామతులసి ఆ మాటకు పైకి నవ్వేది. లోపల మాత్రం ఆ ఖాళీ సీటు ఆమెను చాలా ఏడిపించింది.

ఇదీ బండి కథ. దాన్ని వదిలిపెట్టి పోవడమంటే నూకరాజును రెండోసారి పూడ్చడమని కూర్మారావు బాధ. ఆ మాట భార్యతో అని ఉంటే సరిపోయేది. అతను అబద్ధం ఎంచుకున్నాడు.

"ఏటండీ, బండేదీ?" అంది రామతులసి ఒకరోజు ఖాళీ వరండా చూసి.

"ఇచ్చీసేను."

"ఎవులికి?"

"కొంటా ఊరి నుంచి ఒకాయనొచ్చేడు. గవర్రాజని."

"ఎలాగుంటాడు?"

ఇంత లోతుకు దిగుతుందని కూర్మారావు అనుకోలేదు. "పొడుగ్గా ఉంటాడు. కాస్త వొంగి నడుస్తాడు."

"ఇంటికొచ్చినోడికి టీ అయినా ఇచ్చేరేటి?"

"ఇచ్చేను. పంచదారొద్దన్నాడు. బెల్లం ముక్క బుగ్గనెట్టుకుని తాగేడు."

"బండి సూసి ఏటన్నాడు?"

"ఏటీ అన్లేదు. ఎనక సీటు మీద సెయ్యేసి నవ్వేడు."

బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని టీ తాగే మనిషిని రామతులసి జన్మలో ఒక్కణ్నే చూసింది. అబద్ధానికి ఒక మనిషి కావలసివచ్చి కూర్మారావు వెతుక్కుంటే, నూకరాజే ఎదురొచ్చాడు. పాపం, తను ఎవరి గురించి చెప్పాడో అతనికే తెలియలేదు. ఆమె వంటింట్లోకి వెళ్లి, కడగడానికి గిన్నెలేవీ లేకపోయినా కుళాయి తిప్పి కాసేపు అలాగే నిలబడింది.

అప్పటికి బండి పక్కింటి ఖాళీ క్వార్టరు షెడ్డులో ముక్కలై ఉంది. కూర్మారావు దాన్ని ఇంటి సామానులో దాచడం మొదలుపెట్టాడు. చక్రాలు పరుపు చుట్టలోకి పోయాయి. సైలెన్సర్లు చాపలోకి పోయాయి. పెట్రోలు ట్యాంకుకు దిండు గలీబు తొడిగాడు. చట్రాన్ని బీరువాలో రామతులసి పట్టుచీరల వెనక నిలబెట్టాడు. ఇంజను మాత్రం బియ్యం డ్రమ్ములో, బియ్యం కింద పడుకుంది.

అంతటితో ఆగినా బాగుండేది. వర్క్‌షాపులో విప్పిన ప్రతి భాగానికీ తీగతో రేకు ముక్క కట్టి నంబరు కొట్టడం అతని అలవాటు. రిటైరైనా చెయ్యి ఊరుకోలేదు. బండి ముక్కలన్నిటికీ గనిలో కట్టినట్టే రేకులు కట్టేశాడు.

"ఏటండీ, తలగడ ఇంత గట్టిగుంది?"

"మెడనొప్పికి మంచిదంట."

"బియ్యం కంపు కొడతన్నాయి."

"పురుగు పట్టకుండా మందేసేను."

"మనుషులు సచ్చే మందు కాదు కదా?"

"కాదు. నువ్వు డ్రమ్ము ముట్టుకోకు."

లారీ రోజు వచ్చింది. నలుగురు మనుషులు బియ్యం డ్రమ్ము ఎత్తబోయి దించేశారు. కూర్మారావు సామానుతో లారీలో వస్తాననీ, ఆమెను హాయిగా రైల్లో వెళ్లమనీ చాలా ప్రేమగా చెప్పాడు. ఇన్నేళ్ల కాపురంలో అంత ప్రేమ ఆమె చూసి ఉండలేదు.

"మీరెక్కడుంటే నేనక్కడే," అని రామతులసి లారీ ఎక్కి, డ్రైవరు పక్కన కిటికీ వైపు కూర్చుంది.

టౌన్‌షిప్ చెక్‌పోస్టు దగ్గర మాడ అనే సెక్యూరిటీ గార్డు గేటు దించాడు. మాడది కొంటా వైపు పల్లె. కూర్మారావు చేత ఎన్నోసార్లు తన మోపెడ్ ఉచితంగా బాగుచేయించుకున్నవాడు.

"సామాన్ చెక్ చెయ్యాలె సార్."

"నా సామాను నువ్వు సెక్ సేస్తావేటి మాడా?"

"డ్యూటీ సార్. ఏమనుకోవద్దు."

ముందు పరుపు విప్పాడు. చక్రాలు దొర్లుకుంటూ రోడ్డు దాటిపోయాయి. చాపలోంచి సైలెన్సర్లు జారాయి. డ్రమ్ములో కర్ర పెట్టి కలిపితే ఠంగుమంది.

"ఇదేంది సార్? రేకు నంబర్లు కొట్టి ఉన్నయి. ఇవి గని సామాన్ కాదా?"

కూర్మారావు మొహం మాడిపోయింది. ఇనప మేకు కూడా ఇంటికి తేనివాడు, చివరి రోజున గేటు దగ్గర దొంగలా నిలబడ్డాడు. పక్కన భార్య. ఎవరికి ముందు జవాబు చెప్పాలో తెలియలేదు.

"అది... మోటార్‌సైకిలు," అన్నాడు నేల చూస్తూ.

"గవర్రాజు వొదిలేసి పోనాడేటి?" అంది రామతులసి.

"కొంటాల గవర్రాజు అనెటోడు ఎవడూ లేడమ్మా," అన్నాడు మాడ వినయంగా. "సార్, మోటార్‌సైకిలే అయితే బిగించి చూపించున్రి. స్టార్టయితే గేటు లేపుతా."

చేసేదేముంది? చెక్‌పోస్టు షెడ్డు నీడలో గోనె పరిచి కూర్మారావు బిగించడం మొదలుపెట్టాడు. రామతులసి లారీలోంచి కుర్చీ దింపించుకుని కూర్చుంది. షిఫ్టు దిగిన వాళ్లు ఒక్కొక్కరే చుట్టూ మూగారు. పట్టుచీరల మధ్య నుంచి చట్రం బయటికి రాగానే ఒక ముసలాయన చేతులు జోడించాడు.

ఇక కబుర్లు మొదలయ్యాయి. వాళ్లలో సత్యమూర్తి తన పాత యెజ్డీ బండి మీద దంతేవాడ నుంచి వస్తూ ఎలుగుబంటిని ఓడించానన్నాడు. రామ్మూర్తి తన ఆర్ఎక్స్ హండ్రెడ్ శబ్దం విని టౌన్‌షిప్‌లో గడియారాలు సరిచేసుకునేవారన్నాడు. అబద్ధాలని అందరికీ తెలుసు, ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ బండ్లేవీ ఇప్పుడు లేవు. ఒకటి పిల్లల చదువుకు పోయింది, ఇంకొకటి నడుంనొప్పికి పోయింది. కూర్మారావు చేతుల్లో ఒకటి మళ్లీ బండి అవుతుంటే, వాళ్లు మాట్లాడటం మానేసి స్పానర్లు అందించసాగారు.

పొద్దు వాలేవేళకు పని అయింది. మాడ తన మోపెడ్‌లోంచి పెట్రోలు పోశాడు. అంతసేపు మడిచి కూర్చున్న కూర్మారావు మోకాలు సహకరించక కిక్కు కూడా మాడే కొట్టాడు. బండి రెండుసార్లు దగ్గి, గేటంతా నీలంపొగ కమ్మేలా లేచింది. గుంపంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది, పొగతో సహా.

"సూసేవా? బండే," అన్నాడు కూర్మారావు గర్వంగా.

"తెల్సు సార్. అమ్మ ముందే చెప్పింది," అన్నాడు మాడ.

కూర్మారావు భార్య వైపు తిరిగాడు.

"లారీ ఆపమన్నది నేనే," అంది రామతులసి. "నా పరుపులో సక్రాలు పెడితే నాకు తెలీదేటండీ? ముక్కల్ని ఏరి ఆవిడ సేతిలో ఎలాగెట్టమంటారు? దాన్ని బిగించే మనిషి బచేలీలో మీరొక్కరే. అడిగితే బిగిస్తారేటి?"

"ఎవరి సేతిలో?"

అప్పుడు చూశాడు. పొగ విడిన చోట రత్నం నిలబడి ఉంది. వంటశాల నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతికి ఇంకా పిండి ఉంది.

"అన్నయ్యా, నేనడగలేదు. వొదినే పిలిచింది," అంది రత్నం. ఆగి, నెమ్మదిగా అంది. "డ్యూటీ దిగి మీరు రోజూ మా లైను మీంచే ఎల్లేవోరు కదా. మీ ఇంటికది సుట్టు దారి. ఆ సప్పుడు విని నేను దీపమెట్టేదాన్ని. ఆయనొచ్చేరనుకుని కాదు. పోనారని నాకు తెలీదేటి. కానీ ఆ కాసేపూ ఇంటికి మనిషొస్తన్నట్టుండేది."

కూర్మారావు రోజూ ఆ దారినే రావడానికి కారణం ఒకటే. నూకరాజును దించే చోటు అది. చెయ్యి అటే తిప్పేది. ఇన్నేళ్లూ నూకరాజు పోయింది తనకొక్కడికే అన్నట్టు, ఆ దుఃఖాన్నంతా బండికెక్కించుకుని ఒక్కడే తిరిగాడు. ఆ ఇంటి ముందు ఒక్కనాడూ బండి ఆపలేదు.

"సగం ఆవిడది," అంది రామతులసి. గొంతులో వేళాకోళం లేదు. "మీ సగం కావాలంటే విప్పుకుని తెచ్చుకోండి. నేనేటీ అనను. మేడమీదైనా ఎట్టుకుందాం."

కూర్మారావు స్పానరు పట్టుకుని బండి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎడమ సిలిండరు వైపు చూశాడు. ఎక్కడ మొదలుపెట్టినా మిగిలేది బండి కాదు. అది డంపర్లు విప్పినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా చాలాసేపు కూర్చున్నాడు. అందరూ ఎటో చూస్తున్నట్టు నటించారు.

చివరికి లేచి స్పానరు మాడ చేతిలో పెట్టాడు.

"రోజూ సాయంత్రం రత్నమ్మ లైనులో ఓ సుట్టు తిప్పు. ఇంజను సల్లగా ఉంటే చోకు లాగు. ఆయిల్ మర్సిపోకు. గేరు గట్టిగా తన్నకు. కుడి సిలిండరు కాస్త పొగెక్కువ, అది మొదట్నుంచీ అంతే, దాన్నేటీ సెయ్యకు..."

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. రామతులసి వచ్చి భర్త మోచెయ్యి పట్టుకుంది. అతను లారీ ఎక్కాడు. మోసం చెయ్యబోయినవాడు దొరికిపోతే ఎలా ఉండాలో అలాగే, తల వంచుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

లారీ మలుపు తిరిగాక వెనక బండి లేచింది. రత్నం లైను వైపు వెళుతోంది. కూర్మారావు ఉలిక్కిపడి తలెత్తాడు. ఇన్నేళ్లలో ఆ శబ్దం అతను దూరం నుంచి విననేలేదు, ఎప్పుడూ దాని మీదే ఉండేవాడు.

"ఇలాగ వినపడేదేటే?"

"ఇలాగే," అంది రామతులసి. "ఆవిడా వినేది, నేనూ వినేదాన్ని."

అతను డ్రైవరును లారీ పక్కకు ఆపమన్నాడు. డ్రైవరు ఏదో గొణిగాడు గాని ఆపాడు. ఆ శబ్దం ఒక ఇంటి ముందు నెమ్మదించి, ఆగేదాకా మొగుడూ పెళ్లాలు కిటికీ వైపు చెవులు పెట్టి కూర్చున్నారు. ఆగాక కూడా కూర్మారావు పోనిమ్మనలేదు. రామతులసే డ్రైవరుకు చెప్పింది.