బౌద్రో పంపిన లాబ్‌స్టర్లు

“మర్డాక్, కేప్ బ్రెటన్ దీవిలో నేరగాళ్లకి నిద్రపట్టడం లేదంటే అది నా ముక్కు మహిమేరా!” అన్నాడు హెక్టర్ మెక్‌ఫీ.

ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరయ్యాక తనకు తానే డిటెక్టివ్ బిరుదు ఇచ్చుకున్నాడు. అతని వెంట తిరిగి చివాట్లు తినడం నా పని.

“కాంట్రాక్టర్ బౌద్రో మంగళవారం లాబ్‌స్టర్ల పెట్టె, అదే ఖరీదైన పెద్ద సముద్రపు రొయ్యల పెట్టె, మోసుకుని ఎఫీ గిల్లిస్ ఇంటికెళ్లాడు. టౌన్ ఆఫీసులో రేవు మరమ్మతు పని ఎవరికివ్వాలో తేల్చేది ఆవిడే. రేపు ఊరి సభలో బండారం బయటపెడతా!”

“ఎఫీ ఇరవై ఏళ్లుగా మంచిపేరు తెచ్చుకున్న మనిషిరా. సాక్ష్యమేది?”

“లంచ్ వేళలోనే లంచం దొరుకుతుంది. పద!”

టౌన్ ఆఫీసు వెనక కిటికీలోంచి సగం దూరాడు. మిగతా సగం నా చేతుల్లో ఉంది. “తొయ్యరా!” అన్నాడు. తోశాను. లోపల ఏదో కూలిన చప్పుడైంది. ముందువైపు తలుపు తీసే ఉండటంతో నేను దర్జాగా నడిచి వెళ్లాను.

హెక్టర్ నేలమీద బోర్లా పడి ఉన్నాడు. తలమీద లావుపాటి పుస్తకం. చేతిలో శాండ్‌విచ్‌తో ఎఫీ వచ్చింది.

“హెక్టర్ గారూ, ఆ పుస్తకం అడిగితే ఇచ్చేదాన్ని కదండీ! మాకొచ్చిన కానుకలన్నీ అందులో రాయాలి, ఎవరడిగినా చూపించాలి. చట్టం అది.”

తెరుచుకున్న పేజీని నేను పైకి చదివాను: “బౌద్రో. లాబ్‌స్టర్లు. వెంటనే తిప్పి పంపాను. కమిషనర్‌కి ఫిర్యాదు చేశాను.”

“కమిషనర్ విచారణ మొదలెట్టారు. అది తేలేదాకా బౌద్రోకి రేవు పని లేదు,” అంది ఎఫీ.

హెక్టర్ బట్టలు దులుపుకుని లేచాడు. “చూశావా మర్డాక్? గుట్టు రట్టు చేశా!”

నేను కింది వరస చదివాను: “హెక్టర్ మెక్‌ఫీ. షెడ్డు అనుమతి దరఖాస్తుతోపాటు బ్లూబెర్రీ పై. తిప్పి పంపాను.”

పై అంటే పళ్లు కూరి కాల్చే తీపి రొట్టె. ‘పై సంపాదన’ అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

“అదీ... ఆవిడకి ఆకలేస్తుందేమోనని...” హెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి.

“మీ షెడ్డుకి నిన్ననే అనుమతి వచ్చిందండీ,” అంది ఎఫీ మెల్లగా. “నక్షా సరిగ్గా ఉంది కాబట్టి.”

ఇద్దరం ఇంటిదారి పట్టాం. హెక్టర్ తన ఇంటి గేటు దగ్గర ఆగాడు.

“ఒరేయ్, పాపం మంచి మనిషిని అనుమానించాను. క్షమాపణ చెప్పుకోవాలి. ఏం పట్టుకెళ్తే బావుంటుందంటావ్?”

“ఖాళీ చేతులతో వెళ్లు నాయనా!”