దగ్గుతూ సినిమాకొచ్చిన మహానుభావులకు

జలుబు చేసినవాళ్ళు తలుపేసుకుని ఇంట్లో కూర్చోవడం శుద్ధ స్వార్థం! ఈ మాట నేను ఆషామాషీగా అనడం లేదు. బాగా ఆలోచించి, కళ్ళజోడు తుడుచుకుని మరీ అంటున్నాను.

ఉన్నది నలుగురితో పంచుకోమని చిన్నప్పుడు బళ్ళో చెప్పారా లేదా? మనం ఏం పంచుకుంటున్నాం? డబ్బు పంచుకోం. బెంచీ మీద కాస్త జరగమంటే జరగం. బస్సులో కిటికీ పక్క సీటు కన్నబిడ్డకి కూడా ఇవ్వం. అలాంటి మనం ముక్కూమొహం తెలియనివాళ్ళకి సైతం మనస్ఫూర్తిగా ఇస్తున్నది ఒక్క జలుబే. దాన్ని కూడా దాచుకోమంటే ఎలాగండీ?

మా ఆఫీసునే తీసుకోండి. కిందటేడు మా క్యాషియర్ గారు ఒళ్ళు కాలిపోయే జ్వరంతో డ్యూటీకి వచ్చారు. మేనేజర్ ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి, "ఇదీ డెడికేషన్ అంటే! మీరూ ఉన్నారు, తలనొప్పి వస్తే చాలు సెలవు చీటీ పంపిస్తారు" అని మాకు గడ్డి పెట్టారు. మేం చప్పట్లు కొట్టాం. క్యాషియర్ గారు వినయంగా తుమ్మారు. వారం తిరిగేసరికి సెక్షన్లో ఒక్క కుర్చీలోనూ మనిషి లేడు. ఆ డెడికేషన్ మేనేజర్ గారికి కూడా అంటుకుంది. ఆయన దుప్పటి కప్పుకుని ఇంట్లోంచి ఆఫీసుకి ఫోన్ మీద ఫోన్ చేశారు, ఎత్తే దిక్కు లేదు. టీమ్ స్పిరిట్ అంటే అదీ!

మా పై అంతస్తులో ఓ లెక్కల మాస్టారున్నారు. అరచేతిలోకి నిండుగా తుమ్మి, అదే చేత్తో లిఫ్టులో మన ఫ్లోర్ బటన్ కూడా ఆయనే నొక్కుతారు. "మీకెందుకండీ శ్రమ!" అంటారు. ఒంట్లో ఎలా ఉందని అడిగామా, "అబ్బే, జలుబు కాదండీ, డస్ట్ ఎలర్జీ" అంటారు. ఈ డస్ట్ ఎలర్జీ మహా కలుపుగోలు జబ్బు. ఆయనకి వచ్చిన మర్నాడు వాళ్ళావిడకి వస్తుంది, ఆ మర్నాడు ఎదురింటివాళ్ళకి, ఆ పైన వాచ్‌మన్‌కి. ఎవర్నీ చిన్నచూపు చూడదు.

సరే, అసలు విషయానికి వస్తాను. ఆ పాత లాంచీ సినిమా మళ్ళీ పెద్ద తెర మీదికి వచ్చింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నడి ఏట్లో ఓ లాంచీ. లాంచీలో ఓ అంటురోగం. రోగం సోకినవాడు గుడ్లెర్రజేసి, గుండెలదిరేలా ఓ అరుపు అరిచి, అప్పుడు పక్కవాణ్ణి కరుస్తాడు. ఒడ్డున ఉన్నవాళ్ళు లాంచీని దగ్గరికి రానివ్వరు. అది మొదటిసారి విడుదలైనప్పుడు నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది, మా చెల్లెలు ఇంకా బడికి వెళ్తోంది. మొదటి జీతంతో నేనే తీసుకెళ్ళి చూపించాను. ఆ తరవాత చాలా రోజులు అది స్నానానికి వెళితే నేను బాత్రూం బయట నిలబడి పాటలు పాడాల్సి వచ్చేది. పాట ఆగితే కేకలు పెట్టేది.

ఇప్పుడు ఆ చెల్లెలికి కిడ్నీ మార్చారు. కొత్త కిడ్నీని ఒళ్ళు తరిమెయ్యకుండా మందులు మింగాలి. ఆ మందులు ఒంట్లో ఉన్న కాపలాదార్లందర్నీ నిద్రపుచ్చేస్తాయి. మనకి రెండ్రోజుల జలుబు దానికి ఆస్పత్రి మంచం. ఆపరేషనయ్యాక నెలల తరబడి ఒకటే గది, ఒకటే కిటికీ. మా పిన్ని ఒకావిడ పరామర్శకి వచ్చి, "నీకు బాగోలేదని తెలిసి ఉండబట్టలేక జ్వరంతోనే వచ్చేశానే తల్లీ!" అంటే వీధి గుమ్మంలోంచే వెనక్కి పంపించాం. అప్పట్నుంచీ మేమంటే ఆవిడకి గిట్టదు. ఎంత ఔదార్యాన్ని కాలదన్నుకున్నామో!

ఒకరోజు చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, మన లాంచీ సినిమా వచ్చిందిట. డాక్టరుగారు సరేనన్నారు. మాస్క్ పెట్టుకుని, జనం లేని ఆటకి వెళ్ళమన్నారు."

"నీకు భయపడ్డానికి సినిమా కూడా కావాలిటే?" అన్నాను.

"సరదాగా భయపడి ఎన్నాళ్ళయిందో అన్నయ్యా" అంది. వెంటనే టికెట్లు తీశాను. పనిరోజు, పొద్దుటాట, చివరి వరస, గోడ పక్క మూల. ఈగ కూడా ఉండదనుకున్నాను.

ఎంత అమాయకుణ్ణి! ఊళ్ళో జ్వరమని సెలవు పెట్టినవాళ్ళంతా, ఇంట్లో పొద్దుపోక, అక్కడే ఉన్నారు. తెర మీద ఒకడు దగ్గితే హాల్లో పదిమంది జవాబిచ్చారు. ఏ దగ్గు సినిమాలోదో ఏది మనదో తేల్చుకోలేకపోయాను. ఈ ఎఫెక్ట్ కోసం పెద్ద పెద్ద హాళ్ళవాళ్ళు కుర్చీలు ఊపించి, మొహాన నీళ్ళు చల్లించి నానా తంటాలూ పడుతున్నారు. ఇక్కడ అదే టికెట్టుకి తుంపర్లు ఉచితం!

మా ముందు వరసలో మఫ్లర్ చుట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, భార్యాబిడ్డలతో వచ్చారు. చాలా మర్యాదస్తుడు. తెరకి అడ్డం రాకూడదనేమో, దగ్గొచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి దగ్గేవారు. చెల్లెలు సీట్లోకి కూరుకుపోయి నా చెవిలో అంది, "లాంచీలో వాళ్ళే నయం అన్నయ్యా. కరిచే ముందు ఓ అరుపైనా అరుస్తారు."

అప్పుడు ఆ పెద్దమనిషి భార్య కళ్ళు దాని మాస్క్ మీద పడ్డాయి. "ఏమండీ, వెనకావిణ్ణి చూశారా? ఏం రోగమో ఏమో! పిల్లాణ్ణి ఇటు తీసుకోండి" అంది. కబురు వరస వరసకీ పాకింది. ముక్కులు ఎగబీలుస్తూ, గొంతులు సవరించుకుంటూ జనం మా చుట్టుపక్కల నుంచి లేచిపోయారు.

ఏం తర్కమండీ! ఇంతమందిలో జాగ్రత్త పడ్డది అదొక్కతే, కాబట్టి రోగిష్టిది అదే. గొడుగు పట్టుకున్నవాణ్ణి చూసి ఈ వాన వీడే తెచ్చాడన్నట్టు! అయినా నేను నొచ్చుకోలేదు సుమా. ఎన్ని టికెట్లు కొంటే అంత ఖాళీ వస్తుంది? చెల్లెలు హాయిగా కాళ్ళు చాపుకుంది. ఇంటర్వెల్ దాటాక ఒక అరుపుకి నిజంగానే జడిసి నా చెయ్యి పట్టుకుని, తరవాత సిగ్గుపడి నవ్వింది. దాని నవ్వు విని ఎన్నాళ్ళయిందో. మీ అందరికీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

అంతలో టార్చిలైటు వేసుకుని హాలు మేనేజర్ వచ్చాడు. "సార్, ఏమీ అనుకోకండి. మేడమ్ గారి మీద కంప్లయింట్లు వస్తున్నాయి. ఒంట్లో బాగోనప్పుడు ఇంట్లో రెస్టు తీసుకోవచ్చు కదండీ? నలుగురూ వచ్చే చోటు."

ఆయన భుజం మీదుగా మఫ్లర్ పెద్దమనిషి అవునన్నట్టు దగ్గారు.

"నాకే జబ్బూ లేదండీ. అంటుకోకుండా పెట్టుకున్నాను" అంది చెల్లెలు.

"అందరూ అలాగే అంటారు మేడమ్."

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి అందర్నీ దులిపేద్దామని నోరు తెరిచాను. నేను తెరిచానో లేదో చుట్టూ ఇరవై నోళ్ళు తెరుచుకున్నాయి. న్యాయం చెప్పడానికి అందరూ మా మీదమీదికి వచ్చి మొహంలో మొహం పెట్టి అరుస్తున్నారు. చెల్లెలు గోడకి అతుక్కుపోయింది. "గొడవొద్దు. పద అన్నయ్యా, పద" అంటూ నా చొక్కా పట్టుకు లాగింది. తెర మీద లాంచీకి అప్పుడే ఒడ్డు కనిపిస్తోంది.

బయట మెట్ల మీద అది ముందు నవ్వింది, ఆ తరవాత ఏడ్చింది. "చివరికి ఒడ్డు చేరుతుందని నీకు తెలుసు కదే" అన్నాను. "తెలుసు. చూడాలనుంది" అంది. మాస్క్ తడిసిపోతే ఇంకొకటి తీసిచ్చాను. అంతకన్నా ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

ఆ వారమే దానికి జ్వరం వచ్చింది. అంతమందిలో ఎవరికి కృతజ్ఞతలు చెప్పుకోవాలో అర్థం కావడం లేదు. ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది. కిడ్నీ నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమంటున్నారు. నన్ను లోపలికి రానివ్వరు. అద్దానికి అటు అది, ఇటు నేను, మధ్యలో ఫోను. ఆ హాల్లోవాళ్ళని ఒక్కొక్కణ్ణీ ఈ కాలమ్‌లో ఉతికి ఆరేస్తానన్నాను.

"తిట్టకు అన్నయ్యా" అంది, కాస్త ఆయాసపడుతూ. "తిడితే చదివే ప్రతివాడూ పక్కవాణ్ణి అన్నావనుకుంటాడు. పొగుడు. పొగిడితే ప్రతివాడూ తన గురించే అనుకుంటాడు."

అందుకని పొగిడాను. ఇంతసేపూ చదువుతూ, 'నేనూ మొన్న జ్వరంతోనే వెళ్ళొచ్చానుగా' అని మీలో మీరే ముసిముసిగా నవ్వుకున్నారా? అయితే మా చెల్లెలు చెప్పింది నిజమే.

మిమ్మల్నే అన్నాను.