మోరీ మీది బండ

సైకిల్ తొక్కేవాళ్ల భద్రతకు ఒక ప్రభుత్వం సరిపోదని, కనీసం రెండు ఉండాలని పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. ఒక్కటే ఉంటే పని జరిగిపోతుందేమోనని భయం. (కామారెడ్డిలో ఆ ప్రమాదం ఇంతవరకు రాలేదు.)

కాబట్టి ఎల్లారెడ్డి రోడ్డు పక్కన నాలుగడుగుల సైకిల్ బాట వేసినప్పుడు దాన్ని న్యాయంగా పంచుకున్నారు. పైన పూసిన ఆకుపచ్చ రంగు పట్టణ సైకిల్ విభాగానిది. రంగు కింది రోడ్డు రాష్ట్ర సైకిల్ మండలిది. బాటను అడ్డంగా కోసుకుంటూ పోయే మురికినీళ్ల మోరీ ఎవరిదో రాయడానికి కాగితంలో జాగా చాలలేదు. అందుకే ఆ మోరీ మీద బండ కూడా లేదు.

కాగితంలో జాగా చాలని సంగతి రూత్‌కు ఎవరు చెప్పాలి? ఆమె సర్కారు బడిలో వంట చేస్తుంది. బిడ్డ వినీతను వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని రోజూ ఆ బాటలోనే బడికి పోతుంది. శ్రావణంలో ఒకరోజు వాన నీళ్లు నిండి మోరీ కనపడలేదు, ముందు చక్రం అందులో దిగింది. వినీత చెయ్యి విరిగింది. కట్టు విప్పినా పిల్లకు భయం పోలేదు. మోరీ దగ్గరికి రాగానే తల్లి నడుము గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంటుంది. కన్నతల్లికి కడుపు మండదా మరి?

రూత్ పట్టణ విభాగం అధికారి లక్ష్మీరాజం దగ్గరికి పోయింది.

“సారూ, ఒక్క బండ ఎయ్యిండ్రి. నా బిడ్డ మళ్ల పడితె ఎట్ల?”

ఆయన మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. (దాని మీద ఫైళ్లున్నాయి.) “అమ్మా, మాది రంగు వరకే. మోరీ మీద రంగు ఉన్నదా? లేదు గదా. ఎల్లారెడ్డి పో, మండలి ఆఫీసు అక్కడున్నది.”

రూత్ ఒక పూట పని మానుకుని, బస్సెక్కి ఎల్లారెడ్డి పోయింది. మండలి పర్యవేక్షకుడు చక్రధర్ అంతా విని తల పంకించాడు.

“మాది రోడ్డు. అక్కడ రోడ్డే ఉంటె నీ చక్రం ఎందుకు దిగుతది? అంటే లేదన్నట్టే. కామారెడ్డిల అడుగు.”

ఆమె మూడుసార్లు తిరిగేలోపు రెండు కార్యాలయాలూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు, పాపం. మోరీకి ఇటొకటి, అటొకటి బోర్డులు పాతాయి. రెండింటి మీదా ఒకటే మాట: ‘ఈ గుంత మా పరిధిలోనిది కాదు.’

కార్తీకంలో రాజంపేట బాలమల్లు ట్రాక్టర్ నిండా వడ్లు తెచ్చాడు. తేమ ఎక్కువుందని కొనుగోలు కేంద్రం తిప్పి పంపితే, నున్నగా కనపడిన సైకిల్ బాట మీద ఆరబోశాడు. (బాటను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వాడుకున్న మొదటి పౌరుడు ఆయనే.) గింజలు మోరీలో పడుతుంటే ప్రాణం ఉసూరుమని, మర్నాడు ఇంటి నుంచి పెద్ద షాబాదు బండ తెచ్చి కప్పేశాడు. ఎవరినీ అడగలేదు. అర్జీ పెట్టాలని తట్టనే లేదు.

వారానికి వడ్లు అమ్ముడుపోయాయి. పోతూ పోతూ రూత్‌తో అన్నాడు: “బండ ఉండనియ్ అక్కా, పిల్ల పోతది గదా.”

మరో వారం గడిచాక ఒక పొద్దున వినీత అడిగింది: “అమ్మా, మోరీ ఏది?”

“ఎప్పుడో దాటినం బిడ్డా,” అంది రూత్. ఆ రోజు సాంబారులో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఈలోగా ఘోరం బయటపడింది. ఎవరి అనుమతీ లేకుండా గుంత మూతపడింది! నాలుగు నెలల్లో కదలని జీపులు రెండు గంటల్లో వచ్చాయి. లక్ష్మీరాజం, చక్రధర్ చేతులు కలిపారు, ఫొటో దిగారు, బండను లేపించారు.

“గిదేంది సారూ! ఎయ్యమంటె ఎవలిది కాదంటిరి. తీసుడు ఎవల పరిధి?” అటుగా వచ్చిన రూత్ సైకిల్ దిగి అడిగింది.

“ఇద్దరిదమ్మా,” అన్నాడు లక్ష్మీరాజం ఓపికగా.

జప్తు చేసిన బండ పట్టణ కార్యాలయం గుమ్మం ముందున్న మోరీకి కొలిచినట్టు సరిపోయింది. వచ్చేపోయే అధికారులు కాలుజారి పడకుండా అక్కడే వేయించారు. ఇప్పుడు రూత్ ఒక్క బండ కావాలని కొత్త అర్జీ పట్టుకుని దాని మీది నుంచే లోపలికి పోతున్నది.